టీఎస్‌హెచ్ పెరిగిందని డోసు పెంచేముందు: థైరాయిడ్ మాత్ర, రక్త పరీక్ష లెక్కలు

రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. టీఎస్‌హెచ్ 7.8, పక్కనే లావుగా 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అనే అక్షరం. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న మనిషి రేపటి నుంచి 75 వేసుకోవాలా, డాక్టరు గారి అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగాలా, అసలు పోయినసారి 3.2 ఉన్నది ఇప్పుడు ఇంత ఎందుకైంది? వీటిలో చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువసార్లు ఎవరూ అడగకుండా వదిలేసేదీ అదే. డోసు పెంచి రాయడం నిమిషం పని. అంకె ఎందుకు మారిందో కనుక్కోవాలంటే పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి, రద్దీ ఓపీలో ఆ పది నిమిషాలు దొరకవు. కాబట్టి ఆ పనిలో సగం ఇంట్లోనే జరగాలి, మాత్ర వేసుకునే మనిషికే తన మాత్ర సంగతి, తన రిపోర్టు సంగతి తెలిసుండాలి.

ఇది కొద్దిమంది గొడవ కూడా కాదు. హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో 5 వేలకు పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, కనిపించింది. వాళ్లలో మూడోవంతు మందికి ఆ పరీక్ష చేసేదాకా తమకు ఈ సమస్య ఉందని తెలియదు.

ముందు టీఎస్‌హెచ్ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే తికమక అంతా ఇక్కడే పుడుతుంది. అది థైరాయిడ్ హార్మోన్ కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని పిలిచే పిలుపు అది. థైరాయిడ్ పలికి సరిపడా హార్మోన్ ఇస్తే పిట్యూటరీ మామూలు గొంతుతో పిలుస్తుంది, పలకకపోతే గొంతు పెంచుతుంది. అందుకే గ్రంథి నీరసించినప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది, హార్మోన్ ఎక్కువైపోయినప్పుడు పిలవాల్సిన అవసరమే లేక అది సున్నా దగ్గరికి పడిపోతుంది. "థైరాయిడ్ పెరిగింది" అని మనవాళ్లు అనే మాటకి చాలాసార్లు అసలు అర్థం థైరాయిడ్ తగ్గిందనే. ఈ తిరకాసు తెలియక మాత్ర తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి. ఈ పిలుపు హార్మోన్‌తో సమానంగా పెరిగి తగ్గేది కాదు. థైరాయిడ్ గ్రంథి ఇచ్చే ప్రధాన హార్మోన్ పేరు టీ4, రక్తంలో అది సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెట్టింపుతో ఆగదు, దాదాపు వంద రెట్ల దాకా పోగలదు. హార్మోన్‌లో చిన్న తేడా టీఎస్‌హెచ్‌లో పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి 4 ఉన్నది 8 అయితే జబ్బు రెట్టింపైనట్టు కాదు, 4.6 ఉన్నది 5.1 అయితే అసలు ఏమీ అయినట్టు కాదు. పైగా ఒకే మనిషిలో ఒకే రోజు ఈ అంకె బాగా ఊగుతుంది, అర్ధరాత్రి దాటాక ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున 7కి, ఇంకోసారి మధ్యాహ్నం 3కి రక్తం ఇచ్చి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఉపయోగం లేదు. వీలైనంతవరకు అదే ల్యాబ్, అదే వేళ.

ఇక మాత్ర. ఎల్ట్రాక్సిన్ అన్నా, థైరోనార్మ్ అన్నా, థైరాక్స్ అన్నా లోపల ఉండే మందు ఒకటే, లెవోథైరాక్సిన్. మన గ్రంథి తయారుచేసే టీ4 కూడా ఇదే. శరీరానికి కొత్త పదార్థమేదీ ఇవ్వడం లేదు, తగ్గినదాన్ని పూడుస్తున్నామంతే. అందుకే "మాత్రకి గ్రంథి అలవాటు పడిపోతుంది, ఒకసారి మొదలుపెడితే ఇక వదలదు" అనే భయానికి అర్థం లేదు. చాలామందికి జీవితాంతం అవసరమయ్యేది గ్రంథి తిరిగి కోలుకోదు కాబట్టి, మాత్ర దాన్ని పాడుచేస్తుందని కాదు. పెద్ద డోసు అంటే జబ్బు ముదిరిందనీ కాదు. గ్రంథి పూర్తిగా పనిచేయని మనిషికి సుమారుగా కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి, 60 కిలోలుంటే దాదాపు 100 అన్నమాట. సొంత గ్రంథి ఇంకా కొంత పనిచేస్తున్నవాళ్లకి 25, 50 సరిపోతాయి. వయసు మళ్లినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి 12.5 లేదా 25తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, ఒక్కసారిగా పెంచితే గుండె మీద భారం పడుతుంది. పక్కింటావిడ 125, నాది 50 అని పోల్చుకోవడం వల్ల ఇద్దరికీ ఏమీ తెలియదు.

ఈ మందుకి ఉన్న ఒక గుణం తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఇవాళ ఒంట్లో చేరిన టీ4లో సగం ఖర్చవడానికి దాదాపు 7 రోజులు పడుతుంది, మిగిలినదాంట్లో సగానికి మరో 7 రోజులు. అందుకే డోసు మార్చినప్పుడు కొత్త మట్టం నిలకడగా కుదురుకోవడానికి 5, 6 వారాలు పడుతుంది. పిట్యూటరీ ఆ మార్పుని గమనించి తన గొంతు సర్దుకోవడానికి ఇంకొంచెం. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకి పరీక్ష చేయించమనేది ఇందుకే. పదిహేను రోజులకే ఆత్రంగా చేయిస్తే రిపోర్టులో కనిపించేది పాత డోసు, కొత్త డోసు కలగలిసిన అంకె.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఏ ఒక్కరి కథా కాదిది, కానీ ఇలాంటి ఫైళ్లు చాలా ఇళ్లలో బీరువాలో ఉంటాయి. 45 ఏళ్ల ఆవిడ, మూడేళ్లుగా 75 వేసుకుంటున్నారు, అంతా బాగుంది. ఒకసారి టీఎస్‌హెచ్ 9 వచ్చింది. 100 చేశారు. మూడు వారాలకే మళ్లీ చేయిస్తే 6. తగ్గలేదని 125. రెండు నెలలకి గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేదు, రిపోర్టులో 0.08. భయపడి ఒక్కసారే 50కి దించారు. తర్వాతి రిపోర్టు 14. ఏడాదిలో మూడుసార్లు డోసు మారింది. అసలు జరిగిందేమిటంటే, మొదటి 9 రాకముందు నెలలోనే మోకాళ్ల నొప్పులకి కాల్షియం మాత్ర రాశారు, మరచిపోకుండా ఉంటుందని ఆవిడ దాన్ని పొద్దున థైరాయిడ్ మాత్రతోపాటే వేసుకోవడం మొదలుపెట్టారు. కాల్షియం మాత్రను మధ్యాహ్నం భోజనానికి జరిపితే 75తోనే సరిపోయేది.

అంకె మారినప్పుడు మొదట చూడాల్సింది డోసుని కాదు, మాత్ర వేసుకునే పద్ధతిని అని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. లెవోథైరాక్సిన్ చాలా సున్నితమైన మందు. పరగడుపున వేసుకున్నా అందులో 70, 80 శాతమే రక్తంలోకి పోతుంది, తిండితో కలిస్తే అది ఇంకా పడిపోతుంది. కాల్షియం, ఐరన్ ఈ మందుని పేగుల్లోనే పట్టేసుకుని లోపలికి పోనివ్వవు, అందుకే వాటికీ దీనికీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. మల్టీవిటమిన్‌లోనూ ఐరన్, కాల్షియం ఉంటాయని చాలామందికి తట్టదు, దానికీ అదే గడువు. గుటకలు వేసే తెల్లటి యాంటాసిడ్ మందు కూడా అంతే. కాఫీ కూడా అడ్డమే, పాలు వేసినా వేయకపోయినా. సోయా పిండి, సోయా పాలు, ఎక్కువ పీచు ఉండే ఇసబ్‌గోల్ లాంటివి కూడా మాత్ర దగ్గరికి రాకూడదు.

మన దగ్గర వీటన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గ్యాస్ మాత్ర. పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి. రెండూ పరగడుపున వేసుకోమని రాసి ఉంటుంది కాబట్టి రెండూ ఒకే గుక్కలో మింగేస్తారు. చాలామంది అయితే గ్యాస్ మాత్రని డాక్టరు చెప్పిన నెల దాటాక కూడా ఏళ్ల తరబడి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకుంటూ ఉంటారు. ఇక్కడ సమస్య రెండూ కడుపులో కలవడం ఒక్కటే కాదు, గంట తేడా ఇచ్చినంత మాత్రాన తీరిపోదు. థైరాయిడ్ మాత్ర బాగా కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఈ మందులు పనిచేసేదే ఆ ఆమ్లాన్ని రోజంతా తగ్గించి. అలాగని అల్సర్ ఉన్న మనిషి గ్యాస్ మాత్ర మానేయకూడదు. అది నిజంగా అవసరమైతే వేసుకోవాలి, దానికి తగ్గట్టు థైరాయిడ్ డోసు కొంచెం ఎక్కువ పెట్టుకుంటారు, తప్పేమీ లేదు. గ్యాస్ మాత్ర నెల వేసుకుని, నెల మానేసి, మళ్లీ వేసుకుంటూ ఆ సంగతి థైరాయిడ్ చూసే డాక్టరుకి చెప్పకపోవడంతోనే చిక్కు. రిపోర్టులో అంకెలు ఎందుకు ఊగుతున్నాయో అప్పుడు ఎవరికీ అంతుపట్టదు.

పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగమని చీటీలో రాసి ఉంటుంది. రాసినంత సులువు కాదిది. ఐదున్నరకి లేచి పాలు కాచి, పిల్లల బాక్సులు సర్ది, అందరికీ కాఫీలు కలిపే మనిషి తన కాఫీ కోసం గంట ఆగడం ఎన్నాళ్లు సాగుతుంది? నాలుగు రోజులు ఆగి ఐదో రోజు మాత్ర, కాఫీ కలిసిపోతాయి. అలాంటివాళ్లకి రాత్రి పడుకునేముందు వేసుకునే పద్ధతి ఉంది, చాలామందికి ఈ సంగతే చెప్పరు. రాత్రి భోజనం అయ్యాక 3 గంటలు గడవాలి, అంతే షరతు. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో పొద్దున వేసుకున్నప్పటికంటే రాత్రి వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ మెరుగ్గా ఉందని తేలింది కూడా. ఏడున్నరకి తినేసి పదిన్నరకి పడుకునే ఇంట్లో ఇది హాయిగా కుదురుతుంది, పదింటికి తిని పదిన్నరకే పడుకునే ఇంట్లో కుదరదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు కూడా ఇఫ్తార్ తర్వాత 3 గంటలకి గానీ, సహరీకి అరగంట, గంట ముందు గానీ వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళకి వేసుకోవడం ముఖ్యం, ఎందుకంటే డోసుని ఆ అలవాటు ఆధారంగానే లెక్కగట్టారు.

తిండి విషయంలో మాత్రం అనవసరమైన భయాలు చాలా ఉన్నాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానేసినవాళ్లు ఎందరో. ఉడికించి మామూలుగా వండుకు తినే కూరతో ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు సంగతి వేరు, సైంధవ లవణం, రంగుల ఉప్పులు మంచివని అయొడైజ్డ్ ఉప్పు మానేసే ఇళ్లు పెరుగుతున్నాయి, ముఖ్యంగా గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో అది మంచిది కాదు. ఇటువైపు, థైరాయిడ్ కదా అని అయొడిన్ మాత్రలు కొనుక్కుని వేసుకోవడం అంతకంటే చెడ్డది.

మాత్ర మరచిపోతే ఏం చేయాలన్నది రోజూ ఎదురయ్యే ప్రశ్న. అదే రోజు ఎప్పుడు గుర్తొచ్చినా కడుపు ఖాళీగా ఉన్న వేళ చూసి వేసుకోవచ్చు. మర్నాటిదాకా గుర్తు రాకపోతే, గుండె సమస్య లేని మనిషి మర్నాడు రెండు వేసుకున్నా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఈ మందు ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, వారం మొత్తంలో ఎంత పడిందన్నదే లెక్క. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు డాక్టరుని అడక్కుండా ఇలా చేయకూడదు. మాత్ర ఒంట్లో వారాలు నిలబడే ఈ గుణమే ఇంకోరకంగా మోసం చేస్తుంది. "నార్మల్ వచ్చింది కదా" అని మానేసేవాళ్లకి మొదటి రెండు వారాలు ఏ తేడా తెలియదు. మూడో వారం కూడా బాగానే ఉంటుంది. చూశావా, మాత్ర లేకుండానే బాగున్నాను అన్న నమ్మకం కుదురుతుంది. రెండు, మూడు నెలలకి మలబద్ధకం, చలి, మొహం వాపు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం ఒక్కొక్కటే మొదలవుతాయి, అప్పటికి మాత్ర మానేసిన సంగతే గుర్తుండదు. నార్మల్ వచ్చింది మాత్ర వేసుకోబట్టే. ప్రసవం తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు లాంటి కొన్ని రకాలు తాత్కాలికమే, వాటిలో మాత్ర ఆపి చూస్తారు, కానీ అది డాక్టరు తేదీ పెట్టి, మళ్లీ పరీక్ష రాసి ఆపేది.

రిపోర్టు దగ్గరికి వద్దాం. మామూలు ల్యాబుల్లో థైరాయిడ్ ప్రొఫైల్ అంటే టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోన్), టీ4, టీఎస్‌హెచ్. ఇందులో టీ3, టీ4 ముందు 'ఫ్రీ' అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే అది మొత్తం హార్మోన్, రక్తంలోని ప్రొటీన్లకి అతుక్కుని ఉన్నదాంతో కలిపి. పనిచేసేది అతుక్కోకుండా విడిగా తిరిగే ఆ కొద్ది భాగమే. గర్భంలోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడూ ఆ ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి మొత్తం టీ4 ఎక్కువగా కనిపిస్తుంది, గ్రంథిలో ఏ లోపం లేకపోయినా. అందుకని టీఎస్‌హెచ్‌తోపాటు ఫ్రీ టీ4 చూడటం మేలు. మాత్ర వేసుకుంటున్న హైపోథైరాయిడ్ మనిషికి ప్రతిసారీ టీ3 అవసరమే లేదు, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. యాంటీ టీపీఓ పరీక్ష కూడా ఒక్కసారి చాలు. అది పాజిటివ్ అయితే సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తోందని తెలుస్తుంది, జపాన్ వైద్యుడు హషిమోటో 1912లో మొదట వర్ణించిన జబ్బు ఇదే. ఆ అంకె 300 నుంచి 600 అయినా డోసు మారదు, ప్రతి ఏడాదీ దాన్ని కొలిచి దిగులుపడాల్సిన పని లేదు.

అంకెల్ని విడివిడిగా కాక కలిపి చదవాలి. టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ ఉంటే గ్రంథి నిజంగా వెనకబడింది, మందు కావాలి, సందేహం లేదు. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, ఫ్రీ టీ4 మాత్రం మామూలుగా ఉంటే ఆ మధ్య స్థితిలో తొందరపడకూడదు. టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే చాలామందికి దానంతటదే సర్దుకుని ఉంటుంది. 65 ఏళ్లు దాటిన 737 మందిని తీసుకుని యూరప్‌లో చేసిన పరిశోధన 2017లో వచ్చింది, ఇలాంటి తేలికపాటి పెరుగుదలకి మాత్ర ఇస్తే నీరసం గానీ ఇతర లక్షణాలు గానీ తగ్గలేదని తేలింది. వయసుతో టీఎస్‌హెచ్ కొంత పెరగడం సహజం కూడా, 80 దాటినవాళ్లకి 6, 7 ఉన్నా కంగారు పడక్కర్లేదు. ల్యాబ్ కాగితం మీద అచ్చయిన 0.4 నుంచి 4 అనే హద్దు 30 ఏళ్ల మనిషికీ, 82 ఏళ్ల అమ్మమ్మకీ ఒకటే. ఆవిడ 6.2ని పట్టుబట్టి 1కి దించాలని డోసు పెంచుకుంటూ పోతే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం లాంటి ప్రమాదాలు వస్తాయి. ఎక్కువ డోసు చేసే హాని తక్కువ డోసు చేసే హానికంటే చిన్నదేం కాదు, కానీ మన దగ్గర దాని గురించి భయం తక్కువ.

మాత్ర వేసుకుంటున్నవాళ్లలో కొన్నిసార్లు ఫ్రీ టీ4 మామూలుగానో కొంచెం ఎక్కువగానో, టీఎస్‌హెచ్ మాత్రం 15, 20గానో కనిపిస్తుంది. ఈ రెండూ కలవవు కదా అని ల్యాబ్‌ని అనుమానిస్తారు. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, రెండు నెలలు మాత్ర సరిగ్గా వేసుకోకుండా, పరీక్ష వారంలో శ్రద్ధగా వేసుకోవడం. టీ4 వెంటనే పెరుగుతుంది, టీఎస్‌హెచ్ మాత్రం గడిచిన వారాల సంగతి ఇంకా చెబుతూనే ఉంటుంది. ఇక్కడ డోసు పెంచితే ఆ మనిషి కొత్త డోసు రోజూ సరిగ్గా వేసుకున్న నెలలో అది ఎక్కువైపోతుంది. మరచిపోయానని డాక్టరుకి చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, చెప్పకపోతేనే తప్పు డోసు రాస్తారు. పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి, తర్వాత వేసుకోండి, మాత్ర వేసుకున్న కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 కాస్త ఎక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ పరీక్షకి ఖాళీ కడుపు తప్పనిసరి కాదు, షుగరు, కొలెస్ట్రాల్ కూడా చేయిస్తే మాత్రం అవసరం.

జుట్టు రాలుతుందని వేసుకునే బయోటిన్ మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. థైరాయిడ్ ఉన్నవాళ్లే జుట్టు కోసం ఎక్కువగా వీటిని కొంటారు, 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు. ల్యాబుల్లో చాలా యంత్రాలు హార్మోన్‌ని పట్టుకోవడానికి బయోటిన్‌నే వాడతాయి. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ నిండిపోతే యంత్రం తప్పు చదువుతుంది, టీఎస్‌హెచ్ తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ అని. అచ్చం హైపర్‌థైరాయిడ్‌లా, అంటే గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నట్టు, కనిపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే అసలే తక్కువ హార్మోన్ ఉన్న మనిషికి ఇంకా తక్కువవుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. రక్తం ఇచ్చేముందు కనీసం 2 రోజులు బయోటిన్ ఆపాలి, పెద్ద మోతాదులో వాడుతుంటే ఇంకా ముందే ఆపాలి, రక్తం తీసే మనిషికీ, డాక్టరుకీ చెప్పాలి.

డెంగీతోనో టైఫాయిడ్‌తోనో ఆసుపత్రిలో పడుకున్న మనిషికి థైరాయిడ్ పరీక్ష చేయడం కూడా ఇలాంటిదే. పెద్ద జబ్బులో శరీరం హార్మోన్లని తనంతట తానే తగ్గించుకుంటుంది, కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరుగుతుంది. థైరాయిడ్ జబ్బే ఉందని గట్టి అనుమానం లేకపోతే పూర్తిగా కోలుకుని ఆరు వారాలయ్యాక చేయించడం మంచిది. లేకపోతే జ్వరం పోయినా థైరాయిడ్ మాత్ర మిగిలిపోతుంది.

గర్భం విషయంలో మాత్రం ఇప్పటిదాకా చెప్పిన 'ఆగి చూద్దాం' పనికిరాదు. గర్భంలో ఉన్న బిడ్డకి మొదటి సగం నెలల్లో తల్లి హార్మోనే ఆధారం, మెదడు ఎదుగుదల దాని మీదే నడుస్తుంది. తల్లికి అవసరం మొదటి నెలల్లోనే పావు వంతు నుంచి దాదాపు మూడో వంతు దాకా పెరుగుతుంది. అందుకే ముందునుంచీ మాత్ర వేసుకుంటున్న స్త్రీకి గర్భం అని తెలిసిన రోజునే వారానికి రెండు మాత్రలు అదనంగా, అంటే 7 బదులు 9 వేసుకోవడం మొదలుపెట్టి వెంటనే పరీక్ష చేయించమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. దీని గురించి గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి, ఎందుకంటే మొదటి స్కానింగు, మొదటి అపాయింట్‌మెంట్ అయ్యేసరికి ఎనిమిదో వారం దాటిపోతుంది. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచడం లక్ష్యం, గర్భం సగం గడిచేదాకా ప్రతి 4 వారాలకి పరీక్ష, 30వ వారం దగ్గర మరోటి. గర్భిణులకి ఐరన్, కాల్షియం రెండూ రాస్తారు కాబట్టి 4 గంటల తేడా ఇక్కడే అందరికంటే కచ్చితంగా పాటించాలి. కాన్పు అయ్యాక పాత డోసుకి వచ్చేసి 6 వారాలకి మళ్లీ చూసుకోవాలి, ఈ ఒక్క పరీక్ష బిడ్డ పనుల్లో పడి చాలామంది వదిలేస్తారు. పాలిచ్చే తల్లి ఈ మాత్ర వేసుకోవచ్చు, అనుమానం అక్కర్లేదు.

టీఎస్‌హెచ్‌ని నమ్మకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, అరుదైనవే కానీ తెలిసుండాలి. కాన్పులో రక్తం బాగా పోయి పిట్యూటరీ గ్రంథే దెబ్బతిన్న స్త్రీలుంటారు, షీహాన్ సిండ్రోమ్ అంటారు దాన్ని. కాన్పు తర్వాత పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు, ఏళ్ల తరబడి నీరసం, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్. పిలిచే గ్రంథే పాడైతే పిలుపు ఎలా పెరుగుతుంది? వాళ్లకి ఫ్రీ టీ4 చూడాలి, పైగా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేముందు కార్టిసాల్ అనే మరో హార్మోన్ సంగతి తేల్చాలి, అది తక్కువుంటే ముందు స్టెరాయిడ్ ఇవ్వాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి టీఎస్‌హెచ్‌ని కావాలనే బాగా తక్కువగా ఉంచుతారు, రిపోర్టులో 'ఎల్' (లో, అంటే తక్కువ) అక్షరం చూసి ఇంకో డాక్టరో, ఇంట్లోవాళ్లో డోసు తగ్గించకూడదు. హైపర్‌థైరాయిడ్‌కి కార్బిమజోల్ వేసుకునేవాళ్లకి ఫ్రీ టీ4, టీ3 మామూలైపోయినా టీఎస్‌హెచ్ నెలల తరబడి అణిగే ఉంటుంది, దాన్ని చూసి మందు పెంచితే హైపోలోకి జారిపోతారు. ఆ మాత్ర మీద ఉన్నప్పుడు జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్త కణాల లెక్క చేయించాలి. చాలా కొద్దిమందిలో ఆ మందు తెల్ల రక్త కణాల్ని ప్రమాదకరంగా తగ్గిస్తుంది.

టీఎస్‌హెచ్ 2 దగ్గర నిలకడగా ఉన్నా నీరసం, బరువు తగ్గడం లేదంటే డోసు ఇంకా పెంచమని అడిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ నిజమే. కానీ థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే, అందులోనూ నీరు ఎక్కువ. పదిహేను కిలోల బరువుకి మాత్ర సమాధానం కాదు. హిమోగ్లోబిన్, బీ12, షుగరు, నిద్రలో గురక, మనసులో దిగులు, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే, అదీ థైరాయిడ్ లెక్కలో పడి కనపడకుండా పోతుంది.

చివరిగా మాత్ర డబ్బా. ఒకే మందైనా కంపెనీ మారితే ఒంట్లోకి పోయే మోతాదులో కొద్ది తేడా రావచ్చు, ఈ మందు కొద్ది తేడాకే అంకె మార్చేస్తుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో ఈ మాత్రల్లో మందు బలం గడువు తీరేదాకా 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలని ప్రత్యేకంగా బిగించింది. షాపులో స్టాకు లేదని వేరే కంపెనీది ఇస్తే తీసుకోవచ్చు, కానీ తేదీ రాసిపెట్టుకుని 6 వారాలకి పరీక్ష చేయించుకోండి. వేడి, వెలుతురు, తేమ దీనికి పడవు. మే నెలలో కిటికీ పక్కనో, పొయ్యి పక్క అలమరలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఉంచిన మాత్రలు బలం కోల్పోతాయి. డబ్బా మీద ఎంత ఉష్ణోగ్రత రాసి ఉంటే ఆ లోపు, అదే డబ్బాలో, మూత బిగించి ఉంచాలి.

పిల్లల దగ్గరికి అమెరికా, ఇంగ్లండ్ వెళ్లే తల్లిదండ్రులు ఆరు నెలల మాత్రలు కట్టుకుని వెళ్తారు, అక్కడ అయిపోతే కొత్త చిక్కు. అమెరికా సీసా మీద డోసు మిల్లీగ్రాముల్లో కూడా రాస్తారు, 0.05 మిల్లీగ్రాములంటే మన 50 మైక్రోగ్రాములే. ఒక్క సున్నా తప్పు చదివితే పది రెట్లు. అక్కడ మాత్ర రంగుని బట్టి డోసు గుర్తుపడతారు, 50 తెల్లగా, 100 పసుపుగా ఉంటుంది, ఇక్కడ ఆ లెక్క లేదు కాబట్టి రంగు చెప్పి మందు అడగకూడదు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా రిపోర్టుల్లో ఫ్రీ టీ4 14 అని ఉంటే హడలిపోనక్కర్లేదు, వాళ్లు పికోమోల్స్‌లో కొలుస్తారు. మన నానోగ్రాముల్లోకి మార్చాలంటే 12.87తో భాగించాలి, అంటే 1.1 దగ్గర. టీఎస్‌హెచ్‌కి మాత్రం అన్ని దేశాల్లోనూ అంకె ఒకటే.